పొరుగింటి పొయ్యి



గత మాసమున మాకు చేరిన జాబులలో నొకటి మమ్ము చాల దినములు కలతపెట్టినది. వ్రాసినామె గోదావరి సీమలోని యొక చిన్న పట్టణమున కాపురము చేయుచున్న క్రైస్తవ గృహిణి. తన పేరును ఊరును వెల్లడింపవలదని కోరినది గాన మేము వానిని విడిచి, ఆమె యనుమతితో సంగతిని మాత్రము మీ ముందుంచుచున్నాము. ఇట్టిది మనలో నెవరి యింటనైనను జరుగవచ్చునని తోచుటయే యిందుకు కారణము.

ఆమె యింటి పెరటివైపు రెండు గదుల వాటా యొకటి కలదు. అందులో నొక తాపీపనివాడు, భార్యతోను ఏడేండ్ల కుమార్తెతోను అద్దెకుండెను. వేసవి సెలవులలో ఆ బాలిక ప్రతిరాత్రియు సరిగా వీరు భోజనమునకు కూర్చుండు వేళకే వచ్చి వాకిలి నానుకొని నిలుచుండెడిది. రెండు దినము లూరకుండి, మూడవనాడు ఈ సోదరి, "అన్నము తిను వేళ నొకరి యింటికి రాకూడదమ్మా, మీ యింటికి పొమ్ము" అని మెల్లగనే మందలించినది. "సరే పిన్నిగారూ" అని పిల్ల వెళ్లిపోయినది. మరల రాలేదు. వారము గడచిన పిమ్మట తెలిసినదేమనగా, తండ్రి పొరుగూరి పనిలో పరంజా మీదనుండి పడి కాలు విరిగి యక్కడి ఆసుపత్రిలో నున్నాడు. ఇంటిలో దినమున కొక్కసారియే గంజి కాగుచున్నది. బడి నడచునపుడు పిల్లకు మధ్యాహ్న భోజన మచ్చటనే దొరకెడిది, సెలవులలో నదియు లేదు. తల్లి యీ సంగతి యెవరితోను చెప్పుకొనలేదు. ఏలయన, రెండు నెలల అద్దె బాకీ. ఆకలి మాట యెత్తినచో అద్దె మాట వచ్చునని భయపడినది.

"ఆ ఆదివారమే దేవాలయములో అనాథబాలల నిమిత్తము కానుకల సంచిలో పెద్ద నోటు వేసి వచ్చితిని. సంచిలో వేసిన చేతితోనే ఆ పసిదానికి గుమ్మము చూపించితిని" అని యామె వ్రాసికొన్నది. పిదప మమ్ము రెండు ప్రశ్నలడిగినది. ఈ తప్పు నెట్లు దిద్దుకొనవలెననునది మొదటిది. "ఒకరికి పెట్టిన పదిమంది వత్తురు, మన మెక్కడ తాళగలము?" అను తన అత్తగారికి ఏమి బదులు చెప్పవలెననునది రెండవది.

అమ్మా, నిన్ను మందలించుటకు మాకు నోరు రాదు. చాల యేండ్ల క్రిందట నొక ముసురుదినమున మా వాకిట నొక వృద్ధురాలు నిలిచి యన్నమడిగెను. ఆనాడు మా యింట చుట్టములు వచ్చిరి, పులిహోర కలిపియుంటిమి. అయినను మే మామెకు ముందునాటి చద్దియన్నమునే తెచ్చి పెట్టితిమి. ఆమె దానిని వాసన చూచినది, ఏమియు ననక కొంగున మూట గట్టుకొన్నది, మమ్ము మా పిల్లలను దీవించి వెళ్లినది. ఆ దీవెన మాకిప్పటికిని బరువుగనే యున్నది. కావున ఈ నెల మేము వ్రాయునది ఒకరికి బోధించుటకు గాదు, మనమందరము కలసి తలపోసికొనుటకే.

సువార్తలలో ఐదువేల మందికి భోజనము పెట్టిన కథ క్రైస్తవుల యిండ్లలో పసిపిల్లలకును తెలిసినదే. తక్కిన సోదరీమణులును వినియే యుందురు. అందులో మనము త్వరగా దాటిపోవు చిన్న సంగతులు కొన్ని కలవు. ప్రొద్దు గ్రుంకుచున్న వేళ, జనులను పంపివేసినచో వారే యూళ్లలోనికి పోయి యేదైన కొనుక్కొందురని శిష్యులు సలహా చెప్పిరి. వారు కఠినులు గారు, లెక్క తెలిసినవారు. చేతిలో నున్నదెంత, ఎదుట నున్నవారెందరని చూచుకొనిరి. ఈ సోదరి పిల్లతో చెప్పిన మాటయు, అత్తగారు చెప్పుచున్న మాటయు ఆ సలహాకు దగ్గరిదే. ప్రభువు వారిని పంపివేయనక్కరలేదనియు, శిష్యులే వారికి పెట్టవలెననియు చెప్పెను. అప్పుడు దొరకినది ఒక బాలుని యొద్దనున్న ఐదు రొట్టెలు, రెండు చేపలు. ఆ రొట్టెలు గోధుమవి గావు, యవలవి; ఆ దేశమున నవి బీదవారి తిండి. కలిగినవాని కొట్టు తెరచుటచేత గాక, లేనివాడు తన మూట విప్పుటచేత ఆ విందు మొదలయ్యెను.

మరియొక సంగతి. వడ్డనకు ముందు జనుల నందరిని పచ్చికమీద వరుసలుగా కూర్చుండబెట్టిరి. నిలువబెట్టి చేతిలో వేయుట వేరు, కూర్చుండబెట్టి వడ్డించుట వేరు. కూర్చున్నవాడు అతిథి, నిలుచున్నవాడు యాచకుడు. పంక్తి మర్యాద నెరిగిన మన తెలుగు స్త్రీలకు ఈ భేద మొకరు చెప్పవలసినది కాదు. విందు ముగిసిన వెనుక మిగిలిన ముక్కలను పండ్రెండు గంపల కెత్తిరి. సమృద్ధి యున్నచోటనైనను పారవేయుటకు సెలవు లేదన్నమాట.

తీర్పు దినమును గూర్చిన ఉపమానమున, ప్రభువు ఆకలిగొన్నవాని రూపమున మన వాకిట నిలుచునని చెప్పబడినది. అందులో దోషులుగా నిలిచినవారు దొంగలు గారు, హంతకులు గారు. వారు తెల్లబోయి, తామెప్పు డట్టివానిని చూచితిమని యడుగుదురు. వారి తప్పు చూడకపోవుటయే. మొదటి క్రైస్తవ సంఘమందును ఇట్టి పొరపాటు జరిగినది. యెరూషలేములో దినదినమును జరుగు అన్నదానమున గ్రీకుభాష మాటాడు విధవరాండ్రను వడ్డించువారు మరచిరి. గొణుగుడు పుట్టగా, పెద్దలు ఆ పనికై యేడుగురిని ప్రత్యేకముగా నియమించిరి. మంచి మనసుండుట చాలదనియు, చూచుటకొక యేర్పాటుండవలెననియు ఆ కథవలన మనకు తెలియుచున్నది.

మన యిండ్ల విషయమున నీ చూచుట నేడు మునుపటికంటె కష్టమైనది. పూర్వము పొరుగింటి పొయ్యి వెలిగినదో లేదో కప్పుమీది పొగయే చెప్పెడిది. ఈనాటి గ్యాసు పొయ్యికి పొగ లేదు. తలుపులు మూసికొన్న వాటాలలో, అంతస్తుల మేడలలో ఎవరు తినిరో ఎవరు పస్తుండిరో గోడకు గూడ తెలియదు. కావున మనమే కనిపెట్టి యుండవలెను. మదర్ తెరీసా 1979వ సంవత్సరమున నోబెల్ శాంతి బహుమానము నందుకొన్నపుడు తన యుపన్యాసమున నొక సంగతి చెప్పినది. ఎనిమిదిమంది పిల్లలుగల యొక కుటుంబము కొన్ని దినములుగా పస్తున్నదని విని ఆమె బియ్యము తీసికొనిపోయెను. ఆ పిల్లల తల్లి బియ్యమును రెండు భాగములు చేసి, ఒక భాగముతో బయటికి వెళ్లి కొంతసేపటికి తిరిగి వచ్చినది. ఎక్కడికి వెళ్లితివని యడుగగా, పొరుగువారును ఆకలితో నున్నారని చెప్పినది. ఆ పొరుగువారు ముస్లిములు. మదర్ తెరీసాకు ఆశ్చర్యము కలిగించినది ఆమె యిచ్చుట గాదు, ఆమెకు తెలిసియుండుట. తన పిల్లలు ఆకలితో నేడ్చుచుండగా కూడ పొరుగింటి పొయ్యి సంగతి ఆమె యెరిగియుండెను.

సోదరీ, నీ మొదటి ప్రశ్నకు బదులిందులోనే కలదని మాకు తోచుచున్నది. నీ తప్పు పెట్టకపోవుట గాదు, ఎరుగకపోవుట. ఎరుగుట నేర్చుకొనినచో అదియే దిద్దుబాటు.

పెట్టుట యెట్లను మాట గూడ చెప్పుకొనవలెను. ఆకలికి సిగ్గు తోడుబుట్టినది. ఆ సిగ్గును కాపాడని యన్నము కడుపు నింపును గాని మనసును కోయును. మన తెలుగుదేశపు చరిత్రలోనే యిందుకొక తార్కాణము గలదు. 1876 మొదలు 1878 వరకు చెన్నపురి రాజధానిని పీడించిన మహాకరవునాడు ఒంగోలున అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర యుండెను. ఆయనకు సర్వే పని తెలియును. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగమును త్రవ్వించుటకు దొరతనమువారి యొద్ద గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చిన వేలకొలది జనులకు పని కల్పించి కూలి యిప్పించెను. జనులు చేయి చాపవలసిన పని లేకపోయెను. కష్టించి సంపాదించిన కూటినే తినిరి. అంతకంటె గమనింపదగిన దింకొకటి. ఆ కరవు సహాయము సాగినంత కాలము ఆయన బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. అన్నము కొరకు మతమును, మతము కొరకు అన్నమును అమ్ముకొన్నట్లు కారాదని ఆయన తలంపు. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను గూర్చి నాడును నేడును పలువురు పలువిధముల ననుకొందురు. మనకు కావలసినది ఆ నడుమ ఆయన విధించుకొన్న మౌనము. పెట్టిన యన్నమునకు బదులేమియు కోరరాదు. మతము గాని, పొగడ్త గాని, ఊడిగము గాని, ఈ కాలమున అలవాటైనట్లు ఫోనులో ఛాయాచిత్రము గాని కోరరాదు. కుడిచేయి యిచ్చినది యెడమచేతికే తెలియరాదని నేర్చినవారము, కంచముతో నిలిచిన బీదరాలి ముఖమును ఊరందరికి చూపుట యెట్టి దానము?

ఈ ధర్మము క్రైస్తవులకు మాత్రమే సొత్తు గాదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి దాటివచ్చు బాటసారులకు వేళ గాని వేళలందును లేచి వండిపెట్టి ఆంధ్రదేశపు అన్నపూర్ణ యనిపించుకొన్న సంగతి మీరెరుగుదురు. ఆంధ్రప్రదేశపు ప్రభుత్వమువారు 2024వ సంవత్సరమున బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరే పెట్టిరి. ఆమె పొయ్యి ముందును, సువార్త నమ్మినవారి పొయ్యి ముందును నిలిచిన ఆకలి యొక్కటే.

ఇక అత్తగారి మాట. పెద్దలు లెక్క చూచుట తప్పు గాదు; ఇంటిని నిలిపినది వారి లెక్కయే. తూరింగియా ప్రభువు భార్యయైన ఎలిజబెత్తు 1226వ సంవత్సరపు కరవులో, భర్త దూరదేశమున నుండగా, కోట గాదెలు తెరపించి బీదలకు ధాన్యము పంచిపెట్టెను. భర్త తిరిగి రాగానే అధికారులు ఆమెపై నేరము చెప్పిరట. ఆయన భార్యనే సమర్థించెను. అట్టి రాణికిని ఇంటిలో నభ్యంతరములు తప్పలేదు. కాని మనకు గాదెలు లేవు. మనకున్నది బియ్యపు డబ్బా, అందులో మునుగు మన చేయి. దానితోనే లెక్క చూతము.

మిజోరము కొండసీమలోని ప్రెస్బిటీరియను క్రైస్తవ స్త్రీలకు 1910వ సంవత్సరమునుండి యొక యాచారము గలదు. దానిని వారు బుఫాయ్ థామ్ అందురు. పూటపూటకు వంటకు బియ్యము కొలుచునపుడు ఒక గుప్పెడు తీసి వేరొక పాత్రలో వేయుదురు. స్త్రీలే యిల్లిల్లు తిరిగి ఆ బియ్యమును సమకూర్తురు. దానిని అమ్మగా వచ్చు సొమ్ము సంఘపు పనులకు వినియోగపడును. మన యిండ్లలో దీనినే పొరుగువారి యాకలికి వాడుకొనవచ్చును. గుప్పెడు బియ్యము సుమారు 40 గ్రాములనుకొందము. పూటకొక గుప్పెడు, దినమునకు రెండు పూటలు, నెలకు ముప్పది దినములు: 2,400 గ్రాములు, అనగా రెండున్నర కిలోలకు కొంచెము తక్కువ. ఒక వీధిలో పది యిండ్ల స్త్రీలు కలసినచో నెలకు 24 కిలోలు. బజారులో నమ్ము 25 కిలోల బస్తాకు ఒక్క కిలోయే కొరత. ఆ గుప్పెడు తీసినందున ఏ యింటనైనను అన్నము తక్కువైనదని యెవరును కనిపెట్టలేరు. "పదిమంది వత్తురు" అను అత్తగారితో, "పదిమంది పెట్టుదుము, అత్తగారూ" అని వినయముగా చెప్పుము. ఆ మొదటి గుప్పెడు ఆమె చేతితోనే వేయింపుము. పెద్దచేతి గుప్పెడు పెద్దది.

పెట్టునపుడు పాటింపదగినవి కొన్ని మాకు తోచినంతవరకు వ్రాయుచున్నాము. చద్దిది పెట్టవలసి వచ్చినచో ముందు మనము రుచి చూడవలెను. మనము తినలేనిది మరియొకరికి పెట్టరాదు. ఇరుగుపొరుగువారికి వండిన యన్నముకంటె బియ్యము, కందిపప్పు, నూనె, కొంత చింతపండు ఇచ్చుట మేలు. తమ పొయ్యిమీద తాము వండుకొని తమ పిల్లలకు తామే పెట్టుకొను గౌరవ మా తల్లికి దక్కును. ఇచ్చునది పదిమంది చూచుచుండగా గాక ప్రొద్దుగూకిన వెనుక పెరటిదారిన పంపవలెను. వారి నుండియు ఏదో చిన్న సాయ మడుగవలెను, వారి పెరటి కరివేపాకు గాని, ఆవకాయ నాడొక చేయి గాని. ఇచ్చి పుచ్చుకొనుటలో సిగ్గుండదు. వీధిలో నడుగువానికి డబ్బు వేయుటకు సందేహము గలిగినను, కూర్చుండబెట్టి యన్నము పెట్టుటకు సందేహింపనక్కరలేదు. తిన్న యన్నమును ఎవడును దుర్వినియోగము చేయలేడు.

మన గుప్పెడుతో తీరని యాకలికి చట్టమిచ్చిన హక్కులున్నవి. 2013వ సంవత్సరపు జాతీయ ఆహారభద్రతా చట్టము ననుసరించి అర్హతగల కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము చౌకదుకాణమున దొరకవలెను. గర్భిణులకును పసిపిల్లలకును అంగన్వాడిలో పౌష్టికాహార మున్నది. పని వెదకికొనుచు ఊరు మారిన బీదలకు ఈ కార్డుల వ్యవహారము తెలియదు. తెలిసినను దరఖాస్తు వ్రాయలేరు. చదువు నేర్చిన మనము ఒక మధ్యాహ్నము వారితోడ కార్యాలయమునకు నడచినచో నదియు అన్నదానమే. బడులు మూతపడు సెలవులను మాత్రము క్యాలెండరులో గుర్తు పెట్టుకొనుడు. బడిభోజనము మీద నాధారపడిన పిల్లలకు సెలవులు పండుగ గావు.

ఇంటి కప్పు క్రిందనే యున్న యాకలిని గూడ మరువవలదు. తెల్లవారకమునుపే వచ్చి పాత్రలు తోము పనిమనిషి ఏమి తిని వచ్చినదో మనలో నెందరు అడిగితిమి? అందరికి వడ్డించి, అడుగున మిగిలినదానితో సరిపెట్టుకొను కోడలి సంగతి యేమి? 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 యేండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. దానికి కారణము లనేకములు గలవు గాని, కడపట తినుటయు కొరతగా తినుటయు వానిలో చేరును. పౌలుభక్తుడు కొరింథు సంఘమువారిని గట్టిగా మందలించినది యిందుకే: ప్రభువు పేర కూడిన పంక్తిలోనే ఒకరు కడుపార తినుచుండగా మరియొకరు ఆకలితో నుండిరి. మన పంక్తియు ఆ దోషమునుండి తప్పించుకొనవలెను.

తుదకు నీ సంగతి, సోదరీ. ఆ బాలికకు బొమ్మలు, క్రొత్త గౌనులు కొనిపెట్టి నీ మనసు తేలిక చేసికొనవలదు. అది నీ కొరకు గాని యామె కొరకు గాదు. ముందుగా ఆమె తల్లి యొద్దకు నీవే వెళ్లుము. అద్దె సంగతి ఆయన కాలు బాగైన తరువాత చూచుకొందమని మొదట చెప్పుము. ఆ మాట ముందు రానిచో నీవు తీసికొనిపోయిన బియ్యము ఆమె గొంతు దిగదు. నీవు ఇంటి యజమానురాలవు. ఆమె నోరు మూసినది నీ యద్దెయే గాన, దానిని తెరువవలసినదియు నీవే. ఆ తరువాత రాత్రి భోజనమునకు పీటలు వేయునపుడు ఒక పీట యెక్కువ వేయుము. పిల్లను పిలుచుటకు నీ పిల్లలను పంపుము. పిల్లలు పిలిచిన పిలుపులో దానము వాసన యుండదు. ఆమె మొదటినాడు రాకపోవచ్చును. రెండవనాడును రాకపోవచ్చును. గుమ్మము చూపించిన వేలు పసివారికి చాలకాలము జ్ఞాపకముండును. నీవు మాత్రము పీట వేయుట మానవలదు.

ఇది చదివిన సోదరీమణులు ఈ రాత్రి బియ్యము కొలుచునపు డొక గుప్పెడు వేరుగా తీసిపెట్టుదురని మా నమ్మకము. మీ వీధిలో ఏ పొయ్యి వెలుగలేదో కనుగొన్నప్పుడు ఆ యింటివారి పేరు మాకు వ్రాయవలదు. ఆ పొయ్యి మరల వెలిగినదని మాత్రము వ్రాయుడు. మేమును సంతోషింతుము.